దారం చుట్టిన ఉంగరం

“ఉంగరం వదులై బావిలో జారి పడితే ఎవురు దిగి తీస్తారు?” అనింది పుష్పమ్మ.

ఉంగరం ఇంకా పుట్టనే లేదు. దానికి కావలసిన బంగారం, అంటే పుష్పమ్మ చెవుల కమ్మలు, ఆమె కొంగుముడిలోనే ఉన్నాయి. మొగుడు జయరత్నంతో, కూతురు లిడియాతో కలిసి ఆమె మదనపల్లె బజారులో గంగులప్ప ఆచారి అంగడికి నడిచిపోతా ఉండింది. వచ్చే నెలలో లిడియా పెండ్లి. తాళి మాది, ఉంగరం మీది అని మగపెండ్లివాళ్ళతో మాటైపోయింది.

జయరత్నం వడ్రంగి. మిషన్ బడులకు బెంచీలు, చర్చి గుడికి కుర్చీలు చేస్తాడు. పెండ్లాం భయాలు ఆయనకు రంపం చప్పుడు మాదిరి అలవాటైపోయినాయి.

“ముందు చేపిద్దాం. బావి సంగతి తర్వాత సూద్దాం” అన్నాడు.

“వదులు వద్దని బిగువుగా చేపిస్తే? రక్తం ఆడక వేలు నల్లబడిపోతే? కలకడలో ఒకామెకు వేలే తీసేసినారంట.”

“కలకడలో నీకు ఎవురు తెలుసే?”

“నాకు తెలీకపోతే ఆమె వేలు వేలు కాకుండా పోతాదా?”

లిడియా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. పెండ్లి ముందర పిల్ల అంతగా నవ్వడం కూడా పుష్పమ్మకు నచ్చలేదు. ఆ మాటా పైకే అనేసింది.

ఆమె తీరే అంత. మిషన్ బడిలో ఐదో తరగతి దాకా చదివింది. బైబిలు కూడబలుక్కోకుండా చదువుతుంది, జాబు రాస్తుంది. అయినా యుద్ధం ఎక్కడో బర్మాలో జరుగుతుంటే, బాంబు హార్స్లీ కొండ మీద పడి అక్కడినుంచి దొర్లుకుంటా తన పెరట్లోకి వస్తుందని భయపడిన మనిషి. నవ్వేవాళ్ళు నవ్వేవాళ్ళే. కానీ ఆమె భయానికి ఒక లెక్క ఉండేది, ఎవరికీ చెప్పనిది. చిన్నప్పుడు ఆమె తమ్ముణ్ణి పాము కరిచింది. ఆ రోజు పొద్దున ఆమె వాడిని గురించి ఎన్నో భయపడింది. ఎండకు సొమ్మసిల్లుతాడేమో, గోడ ఎక్కి పడతాడేమో అని. పాము మాత్రం తలపుకు రాలేదు. వచ్చి ఉంటే, నోరు తెరిచి చెప్పి ఉంటే, వాడు బతికేవాడని ఆమె మనసులో గట్టిగా నాటుకుపోయింది. పైకి చెప్పిన కీడు జరగదు. చెప్పడం మరిచిపోయినదే వచ్చి మీద పడుతుంది. అందుకే గుర్తుకొచ్చిన ప్రతి కీడునూ ఆమె పేరు పెట్టి పిలిచేది, తలుపులకు గడియలు వేసుకుంటా పోయినట్టు.

గంగులప్ప అంగడిలో కొలత తీసే ఇత్తడి వలయాలు ఒక తాడుకు గుచ్చి ఉన్నాయి. ఆయన ఒక్కొక్కటే లిడియా ఎడమచేతి ఉంగరపు వేలికి తొడిగి చూసినాడు. కణుపు దాటేది అడుగున గిరగిర తిరిగింది. అడుగున కుదురుగా కూర్చునేది కణుపు దగ్గరే ఆగిపోయింది. పిల్లవి బావిలో నీళ్ళు చేది చేది కణుపులు తేలిన చేతులు. వేలు మొదలు మాత్రం సన్నం.

పుష్పమ్మ ఆ పూట కొలతను నమ్మలేదు. పొద్దున చలికి వేళ్ళు ముడుచుకుంటాయని మధ్యాహ్నం మళ్ళీ తీసుకొచ్చింది. మధ్యాహ్నం గుడ్డలుతికి వచ్చింది కాబట్టి వేళ్ళు నాని ఉబ్బినాయేమోనని ఇంకో రోజు సాయంత్రం తీసుకొచ్చింది. ఉబ్బిన వేలికి చేస్తే రేపు జారిపోదా, ముడుచుకున్న వేలికి చేస్తే రేపు కోసుకోదా అని అడిగింది. గంగులప్ప కుంపటి ఊదే గొట్టం పక్కన పెట్టి, “అమ్మా, మనిషి వేలు కొయ్య కాదు. పూటకొక మాదిరి ఉంటాది. ఏ పూటకు చేసేది నేను?” అన్నాడు.

కడకు ఆయనే ఒక దారి చెప్పినాడు. కణుపు దాటే కొలతకే ఉంగరం చేస్తాడు. అడుగున, అరచేతి వైపు, కంటికి కనపడని చోట దారం చుట్టుకుంటే వేలికి పట్టుగా నిలుస్తుంది. వదులైతే ఇంకో చుట్టు, బిగువైతే ఒక చుట్టు తగ్గించుకోవచ్చు. ఊర్లో సగం మంది ఆడవాళ్ళు చేసే పని అదే.

ఏ దారం చుట్టాలనేది ఇంకో గొడవ. పట్టుదారం జారుతుందని ఒకరన్నారు. పసుపుదారం మన గుడిలో బాగుండదని పాస్టరయ్య భార్య అనింది. పుష్పమ్మ కుట్టుమిషను తెల్లదారం తీసుకుని, నీళ్ళకు నానకుండా దానికి కొవ్వొత్తి రుద్ది, తన చేతులతోనే చుట్టింది. ఒక చుట్టు చుట్టి లిడియా వేలికి తొడిగి చెయ్యి విదిలించమనేది. మళ్ళీ చుట్టేది. సబ్బునీళ్ళలో ముంచి చూసింది, పిండి పిసికించి చూసింది. ఉంగరం లాగితే వచ్చేటట్టు, లాగకపోతే కదలనట్టు కుదిరిన రోజు ఆమె ఆ దారం కొసను ముడేసి, పంటితో తెంపి, కూతురి వేలిని కాసేపు తన పిడికిట్లో పెట్టుకుంది. ఆ వేలి లావు ఆమె పిడికిలికి అంత బాగా తెలిసిపోయింది.

పెండ్లిలో అల్లుడు జ్ఞానశేఖర్ ఉంగరం తొడిగేటప్పుడు అది కణుపు దగ్గర ఒక్క క్షణం ఆగింది. పుష్పమ్మ ఊపిరి కూడా దాంతోపాటే ఆగింది. తర్వాత ఉంగరం లోపలికి దిగింది. విందు దగ్గర వియ్యపురాలు సత్యవేదమ్మ కోడలి చెయ్యి పట్టుకుని చూసి, దేవుని ముందర తొడిగిన ఉంగరం ఇది, ఊపిరి ఉన్నన్నాళ్ళు తీసేది లేదు అనింది. ఆమె పుంగనూరు మనిషి. చుట్టుపక్కల పల్లెలు తిరిగి ఆడవాళ్ళకు బైబిలు చదివి వినిపించే పని. మాట గట్టిది, చెయ్యి మంచిది. జ్ఞానశేఖర్‌కు కుప్పంలో బడిపంతులు ఉద్యోగం. యుద్ధం రోజులు, అక్కడ ఇల్లు దొరకడమే కష్టం. దొరికేదాకా లిడియా పుంగనూరులో అత్త దగ్గర ఉండేటట్టు, అతను సెలవులకు వచ్చి పోయేటట్టు అనుకున్నారు.

ఆ ఏడాదే లిడియా నీళ్ళు పోసుకుంది.

ఇంక పుష్పమ్మ భయాలకు అడ్డం లేకపోయింది. గడప తట్టుకుంటుందేమో, పుంగనూరు కోతులు మీదికి దూకుతాయేమో, పడమటి గాలికి జలుబు చేస్తుందేమో, బిడ్డ అడ్డం తిరుగుతాడేమో. పొయ్యి దగ్గర కూర్చుని ఒక్కొక్కటీ చెప్పేది. జయరత్నం ఊఁ కొట్టేవాడు. ఒకసారి మాత్రం, “అన్నీ నువ్వే చెప్పేస్తే సైతానుకు పనేమి మిగులుతాదే?” అన్నాడు. అదే కదా నాకు కావాల్సింది అనుకుంది ఆమె.

ఏడో నెల దాటినాక చెంగమ్మ వచ్చింది. చింతపండు గంపతో పుంగనూరికీ మదనపల్లెకూ తిరిగే మనిషి. అక్కడి మాట ఇక్కడ, ఇక్కడి మాట అక్కడ చెప్పేది. లిడియా బాగుందనీ, ముఖం నిండుగా వచ్చిందనీ చెప్పి, చింతపండు తూస్తా, “ఉంగరం బిగిసిపోతాందని మీ వియ్యపురాలు దారం తీసేసిందమ్మా. ఇప్పుడు బాగా సరిపోయిందంట” అనింది.

పుష్పమ్మకు ముందు కోపం వచ్చింది. దారం తీసేస్తే ఉంగరం జారిపోదా? చెంగమ్మ వెళ్ళిపోయినాక రాగులు చెరగడానికి కూర్చుంది. చేట రెండు మార్లు ఎగరేసి ఆగిపోయింది. జారిపోలేదంట. సరిపోయిందంట. అన్ని చుట్ల దారం లేకుండా ఆ ఉంగరం ఎట్లా సరిపోయింది? దారం ఎంత మందమో ఆమెకు తెలుసు. దారం ఉండిన చోటంతా ఇప్పుడు వేలే నిండి ఉండాలి.

ఆమె తన పిడికిలి మూసి, తెరిచి చూసుకుంది.

సాయంత్రం జయరత్నంతో చెప్పింది. ఒళ్ళు చేసింటాదిలే, అత్త బాగా పెడతాండాదేమో అన్నాడు ఆయన. ఆడవాళ్ళందరూ అదే మాట అన్నారు. మొదటి కాన్పు, నీరు దిగుతుంది, కాళ్ళు చేతులు కాస్త ఉబ్బుతాయి, ప్రసవమైతే అదే పోతుంది. వాళ్ళు చెప్పిందంతా పుష్పమ్మ తల ఊపి వినింది. ఆమె భయం వాళ్ళు చెప్పేదాన్ని గురించి కాదు, వేలిని గురించి. ఉంగరం మాంసంలోకి దిగిపోతుంది. రక్తం ఆడదు. వేలు నల్లబడుతుంది. అప్పుడు తీసేయడం తప్ప ఇంకో దారి ఉండదు. వేలు లేని చేత్తో ఆ పిల్ల బిడ్డనెత్తుకోవడం కూడా ఆమె కండ్లకు కట్టింది. ఆ దారం తను చుట్టిందే. తన భయానికి తనే చుట్టింది.

మరుసటి రోజు బస్సెక్కింది. పెట్రోలు దొరకని రోజులు. బస్సుకు వెనకాల బొగ్గుల పొయ్యి కట్టి, ఆ బొగ్గు గ్యాసుతో నడిపేవాళ్ళు. ఎక్కేముందు క్లీనరు గాలి చక్రం తిప్పి తిప్పి పొయ్యి రాజేసినాడు. అది పగిలితే అందరమూ కాలిపోతామని పుష్పమ్మ పక్కనామెతో అనింది. ఆ మాట విని పక్కనామె ఇంకో సీటుకు మారిపోయింది.

పుంగనూరులో ఇంటి వాకిట్లోనే లిడియా ఎదురొచ్చింది. “అమ్మా” అని నవ్వింది. నవ్వు ఆ పిల్లదే. ముఖం మాత్రం వేరే ఎవరిదో అన్నట్టు ఉంది. గుండ్రంగా, మెరుస్తా, కండ్ల కింద బరువుగా. సత్యవేదమ్మ వెనకనుంచే, “సూడు వదినా, నీ కూతుర్ని ఎట్లా సాకినానో. సన్నగా పంపిస్తివి, నిండుగా సేసినా” అనింది. ఆమె గొంతులో గర్వం నిజమైనది.

పుష్పమ్మ ముఖాన్ని సరిగ్గా చూడనే లేదు. చెయ్యి అందుకుంది. గాజులు లేవు, బిగిసినాయని పగలగొట్టేసినారంట. ఉంగరం పిండిలోకి నొక్కిన చిల్లు మాదిరి వేలిలోకి దిగిపోయి ఉంది. దానికి ఇవతల, కొన వైపు, వేలు ఊదారంగుకు తిరిగింది.

సబ్బు రాసింది, రాలేదు. ఆముదం రాసింది. చెయ్యి పైకెత్తి పట్టుకోమని కాసేపు ఉండి లాగింది. లిడియా పండ్లు బిగబట్టింది. ఉంగరం వెంట్రుకవాసి కదలలేదు.

దారం ఒక్కసారిగా తీయలేదంట. ముందు కొన్ని చుట్లు విప్పినారంట, వారం గడిచినాక ఇంకొన్ని, ఆ తర్వాత సూదిమొనతో మొత్తం లాగేసినారంట. “నువ్వేమి వదినా, ఎద్దుకు పగ్గం చుట్టినట్టు చుట్టినావు” అని సత్యవేదమ్మ నవ్వింది. విప్పిన ప్రతిసారీ వేలికి హాయిగా ఉండిందనీ, అందుకే ఎవరూ ఏమీ అనుకోలేదనీ చెప్పింది.

లిడియా మెల్లగా రెండు రోజులుగా తల పగిలిపోతోందనీ, బైబిలు చదవబోతే అక్షరాలు మిణుగురుల మాదిరి ఎగురుతున్నాయనీ తల్లితో అనింది. కడుపు పైభాగాన, పక్కటెముకల కింద నొప్పి అని కూడా అనింది. పుష్పమ్మ వినింది. ఎండకు వచ్చిన తలనొప్పి అనుకుంది. ఆమె ధ్యాసంతా ఆ ఊదారంగు వేలి మీదనే ఉంది.

మదనపల్లెకు పిలుచుకుపోతానని అడిగితే సత్యవేదమ్మ ఒప్పుకోలేదు. తొమ్మిదో నెలలో, ఇంట్లో ప్రార్థన పెట్టించి, పదిమందికి కాఫీ ఇచ్చి పంపించాలని ఆమె అనుకుని ఉంది. కొడుకు కుప్పంలో ఉన్నాడు, వాడికి చెప్పకుండా ఎట్లా అనింది. వేలు సంగతి ఎత్తితే, ఉంగరం కోసేస్తారేమోనని ఆమె భయం ఆమెది. దేవుని ముందర తొడిగిన ఉంగరాన్ని కత్తిరించడమంటే మాట తప్పినట్టే అనింది.

పుష్పమ్మ బతుకులో ఎప్పుడూ ఎదురు చెప్పని మనిషి. భయాలు చెప్పేది కానీ ఎవరినీ కాదనేది కాదు. ఆ రోజు ఆమె అబద్ధం ఆడింది.

“కోసేది లేదు వదినా. చేసిన ఆచారి మాకు తెలిసినాయనే. వేలి మీదనే ఉంచి సాగదీస్తాడు. రేపు పోయి, వదులు చేపించుకుని, మళ్ళా పిలుచుకొస్తా.”

“వేలి మీదనే?”

“వేలి మీదనే.”

సత్యవేదమ్మ నమ్మిందో లేదో తెలియదు. పొద్దున బస్సు దగ్గరికి తనే వచ్చి, లిడియా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. ప్రార్థన పొడుగైంది. డ్రైవరు హారను మోగించబోయి ఎందుకో ఊరుకున్నాడు.

దారిపొడుగునా పుష్పమ్మ భయాలు చెప్తానే ఉంది. బస్సు కుదుపుకు కడుపు కదులుతుందేమో, గంగులప్ప ఊరిలో లేడేమో, పట్టకారు జారి వేలికి తగులుతుందేమో. బొగ్గు పొగ లోపలికి కమ్ముతా ఉంది. ఒక ఎత్తు దగ్గర బస్సు ఎక్కలేక నిలిచిపోతే మగవాళ్ళంతా దిగి తోసినారు. లిడియా కిటికీ కమ్మీకి నుదురు ఆనించి కండ్లు మూసుకుంది. ఒకసారి వాంతి చేసుకుంది. తర్వాత తల్లి మోకాలి మీద చెయ్యి వేసి, “కొంచేపు మాట్లాడొద్దమ్మా. చప్పుడు తలలోకి పోతాంది” అనింది.

పుష్పమ్మ నోరు మూసుకుంది. చెప్పాల్సినవి ఇంకా చాలా మిగిలి ఉన్నాయి.

గంగులప్ప ఊరిలోనే ఉన్నాడు. వేలిని చూడగానే ముఖం ముడుచుకున్నాడు. వేలి మీద సాగదీయడం దేవుడు దిగొచ్చినా అయ్యేపని కాదు, కోయాల్సిందే అన్నాడు. పెండ్లి ఉంగరమమ్మా, ఇంటాయనతో ఒక మాట అడిగి రాకూడదా అని కూడా అన్నాడు. తన చేత్తో చేసిందాన్ని తన చేత్తో తుంచడానికి ఆయనకూ మనసు రాలేదు.

“కొయ్యి” అనింది పుష్పమ్మ. “నేను చెప్తాండా. కొయ్యి.”

ఆయన ఒక సన్నటి రేకుముక్కను ఉంగరానికీ చర్మానికీ నడుమ దూర్చినాడు. దూర్చేటప్పుడు లిడియా కదలలేదు. నొప్పి అననేలేదు. చిన్న ఆకురాయితో అరచేతి వైపు, ఒకప్పుడు దారం ఉండిన చోటే, కొంచెం కొంచెంగా అరగదీసినాడు. ఆ చప్పుడుకు పుష్పమ్మకు పండ్లు పులిసినాయి. కడకు రెండు పట్టకార్లతో విరిచి పక్కకు లాగితే ఉంగరం నోరు తెరుచుకుని ఊడొచ్చింది. వేలి చుట్టూ లోతుగా కాలువ మాదిరి గుర్తు పడింది. చూస్తుండగానే ఊదారంగు మెల్లగా విడిచి, వేలిలోకి ఎరుపు తిరిగింది.

పుష్పమ్మ ఆ వేలిని తన పిడికిట్లో పెట్టుకుంది. గుండెలో బరువంతా దిగిపోయింది. ఎన్నో ఏండ్ల తర్వాత, బహుశా తమ్ముడు పోయినాక మొట్టమొదటిసారి, ఆమె మనసు ఖాళీగా ఉంది. చెప్పడానికి ఒక్క కీడు కూడా మిగల్లేదు.

“ఇంక భయం లేదు” అనింది పైకే.

లిడియా పలకలేదు. కుంపటి వైపు చూస్తా ఉంది. కుంపటినే చూస్తోందా అంటే కాదు, ఆ చూపు కుంపటిని దాటి గోడను దాటి ఎక్కడో నిలిచిపోయింది. పెదవి ఒక మూల అదిరింది. తర్వాత ముఖమంతా ఒక పక్కకు లాక్కుంది. పుష్పమ్మ పట్టుకున్న చెయ్యి కొయ్య మాదిరి బిగుసుకుంది. పిల్ల వెనక్కి పడిపోయింది. మనిషి మొత్తం కొట్టుకోవడం మొదలైంది.

గంగులప్పే పండ్ల నడుమ గుడ్డ పెట్టినాడు. ఎవరో జట్కా పిలిచినారు. అంగడి పలకమీదినుంచి ఎత్తి జట్కాలో పడుకోబెట్టేటప్పటికి లిడియా కొట్టుకోవడం ఆగి, గురక తీస్తా ఉంది. పుష్పమ్మ ఆమె తలను ఒడిలో పెట్టుకుని మిషన్ ఆసుపత్రి దాకా ఒకటే అనుకుంటా పోయింది. ఇది నేను చెప్పలేదు. ఇది నాకు తోచలేదు.

ఆసుపత్రి డాక్టరమ్మ కాళ్ళు నొక్కి చూసింది. వేలు పెట్టిన చోట గుంట పడి అట్లే నిలిచిపోయింది. తలనొప్పి ఎప్పటినుంచి, కండ్లు ఎప్పటినుంచి అని అడిగింది. పుష్పమ్మ ఉంగరం సంగతి చెప్పబోతే, “వేలు కాదమ్మా ఇది” అనింది. గర్భిణులకు వచ్చే జబ్బు, నెలనెలా పెరుగుతా వచ్చింది, ఒళ్ళంతా పట్టిన నీరు తలకెక్కి ఈ మూర్ఛ తెస్తుంది అని చెప్పింది. ఇట్లాంటివి ఇంకొన్ని వస్తే మనిషి తట్టుకోదు. మందు ఇస్తాం, బిడ్డను త్వరగా బయటికి తేవాలి. ఆ తర్వాత దేవుని చేతిలో.

ఇంకొక మాట కూడా చెప్పింది. వెలుతురు గానీ చప్పుడు గానీ తగిలితే మూర్ఛ మళ్ళీ వస్తుంది. గదిని చీకటి చేస్తారు. ఒక్కరే దగ్గర ఉండొచ్చు. ఆ ఒక్కరూ మాట్లాడకూడదు, ఏడవకూడదు, ప్రార్థన కూడా గొంతు బయటికి రాకుండా చేసుకోవాలి.

“ఉండగలవా?” అని అడిగింది.

అప్పటికి జయరత్నం పరిగెత్తుకుని వచ్చి ఉన్నాడు. రంపపు పొట్టు అంటిన పంచెతోనే. ఆయన పెండ్లాం ముఖంలోకి చూసినాడు. పుష్పమ్మ ఆయన కండ్లలో భయం చూడడం అదే మొదలు.

ఆమె తల ఊపింది.

పట్టపగలు కిటికీలకు నల్ల కంబళ్ళు కట్టినారు. తలుపు కింద సందుకు గుడ్డలు పెట్టినారు. నర్సులు చెప్పులు విప్పి వచ్చేవాళ్ళు. మందు గిన్నెలో గరిట తగలకుండా వేలితో పట్టుకునేవాళ్ళు. పుష్పమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుంది. కొంగు మడత పెట్టి పండ్ల నడుమ కరుచుకుంది.

చెప్పకూడదన్న చోటే ఆమెకు అన్నీ గుర్తుకు రావడం మొదలైంది. ఇంకో మూర్ఛ వస్తుందేమో. నాలుక కరుచుకుంటుందేమో. ఊపిరి ఆగుతుందేమో. ఆగితే చీకట్లో నాకు తెలియకుండా పోతుందేమో. ఒక్కొక్క భయమూ గొంతు దాకా వచ్చి, తలుపు తెరుచుకోక, లోపలికే మళ్ళింది. ఏది చెప్పకుండా వదిలేస్తున్నానో అదే జరుగుతుందని ఆమెకు తెలుసు. అన్నీ వదిలేస్తా ఉంది. ఒక్కటన్నా పైకి అంటే పిల్ల బతుకుతుందని ఒక మనసు, అంటే ఆ చప్పుడుకే పోతుందని ఒక మనసు. కొంగు నోట్లో తడిసి ముద్దైపోయింది.

మూర్ఛ మళ్ళీ వచ్చింది. ఆమె కూతురి భుజాలు పట్టుకుని, నోరు తెరవకుండా, దాన్ని పోనిచ్చింది. ఆ తర్వాత ఇంకొకటి వచ్చింది, చిన్నది. తర్వాత పుష్పమ్మను బయటికి పంపి బిడ్డను తీసినారు. మగబిడ్డ. పిడికెడంత ఉన్నాడు. దూది చుట్టి, వేడినీళ్ళ సీసాల నడుమ వేరే గదిలో పెట్టినారు. బతుకుతాడో లేదో రెండు రోజులు పోతే కానీ చెప్పలేమన్నారు. పుష్పమ్మ వాడిని చూడడానికి పోలేదు. తిరిగి చీకట్లోకి వచ్చి అదే చోట కూర్చుంది. లిడియాకు ఇంకా తెలివి రాలేదు.

మరుసటి రోజు జ్ఞానశేఖర్ వచ్చినాడు. జయరత్నం కుప్పానికి తంతి కొట్టించినాడంట. వరండాలో గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. అతని పక్కన సత్యవేదమ్మ. పుష్పమ్మ నీళ్ళకు బయటికి వచ్చినప్పుడు ఎదురుపడినారు. కొంగుకొసన ముడేసి ఉన్న విరిగిన ఉంగరం పుష్పమ్మకు నిప్పులా తగిలింది. ఆమె ముడి విప్పి, అబద్ధం చెప్పినాను వదినా అన్నట్టు, దాన్ని అరచేతిలో పెట్టి చూపించింది. సత్యవేదమ్మ ఉంగరాన్ని చూసింది.

“దారం విప్పినప్పుడన్నా నాకు తోచలేదే” అనింది గొంతు లోపలే. ఉంగరాన్ని తీసుకోలేదు. తన చేత్తో పుష్పమ్మ వేళ్ళను దాని మీదికి మూసి, గోడ వారన నేల మీద కూర్చుండిపోయింది.

పొద్దు వాలే వేళకు డాక్టరమ్మ వచ్చింది. నాడి చూసింది, రెప్ప ఎత్తి చూసింది. కిటికీకి కట్టిన కంబళిని ఒక బెత్తెడు పక్కకు జరిపింది. పచ్చటి ఎండ ఒక చీలిక మంచం కాళ్ళ మీద పడింది. లిడియా కదలలేదు. అయితే ముఖం లాక్కోలేదు కూడా.

“ఇప్పుడు పిలువు” అని పుష్పమ్మతో మెల్లగా అనింది. “మెల్లగా. పలికితే మంచిది.”

పలకకపోతే అని ఆమె చెప్పలేదు.

ఆమె కొంగు నోటినుంచి తీసింది. లోపల దాచి పెట్టిన భయాలన్నీ ఒక్కసారిగా బయటికి తోసుకొస్తాయేమోనని కాసేపు పెదవులు బిగబట్టుకుంది. తర్వాత కూతురి చెవి దగ్గరికి వంగింది.

“లిడియా.”

ఏమీ లేదు. ఊపిరి మాత్రం పోయి వస్తా ఉంది.

“లిడియా. నేను, అమ్మను.”

తలుపు దగ్గర ఎవరో నిలబడినారు. జ్ఞానశేఖర్ కావచ్చు, జయరత్నం కావచ్చు, ఆమె తిరిగి చూడలేదు. ఎక్కడో దూరంగా ఒక పిల్లి కూత మాదిరి సన్నటి ఏడుపు వినిపించి ఆగిపోయింది. డాక్టరమ్మ గడియారం వైపు చూసింది. పుష్పమ్మ కూతురి ఎడమచేతిని తీసుకుని, ఉంగరం లేని ఆ వేలిని పిడికిట్లో మూసుకుంది. నీరు కొంచెం దిగింది. ఇంకా తన పిడికిలికి తెలిసిన వేలు కాదు. కానీ వెచ్చగా ఉంది.

మూడోసారి పిలవలేదు. పిలిచి పలకకపోతే ఏం చేయాలో ఆమెకు తెలియదు. ఊరికే పట్టుకుని కూర్చుంది. ఎండ చీలిక మంచం కాళ్ళ మీదినుంచి దుప్పటి మీదికి పాకింది. బయట సాయంకాలం గుడి గంట మోగింది. అందరూ ఉలిక్కిపడి లిడియా ముఖం వైపు చూసినారు. ముఖం అట్లే ఉంది. గంట ఆగింది.

అప్పుడు పిడికిట్లో వేలు వంగింది. లిడియా ఎండిన పెదవులు ఒకదాన్నొకటి విడిచినాయి.

“ఉండానమ్మా” అనింది.